నురుగే సరుకు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. శ్మశానం పక్క చేలో ఒంటరిగా కలుపు తీసినదాన్ని. నాకు రాయడం రాదు, చెప్పి రాయిస్తున్నాను. జరిగింది జరిగినట్టే చెబుతాను.

మాది సామర్లకోట దగ్గర పల్లె. మా ఆయన ఊరికి దూరంగా, కొండల్లో ఉన్న సీసం ఫ్యాక్టరీలో పనిచేసేవారు. గని రాయిని పిండి చేసి, నీళ్ల తొట్లలో మందులు కలిపి, గాలి కొడతారట. సీసం నురుగును పట్టుకుని పైకి లేస్తుంది. అదే రాయిలో ఉండే జింకును మాత్రం తేలకుండా ఒక మందు నిద్రపుచ్చుతుంది. తర్వాతి తొట్టిలో మైలుతుత్తం పోసి దాన్ని లేపుతారు. అంత బరువు సీసం తేలడమేంటని నేను నవ్వేదాన్ని. పప్పు మీద నురుగు తీసి పారబోస్తుంటే ఆయన ఊరుకునేవారు కాదు.

“మా దగ్గరైతే నీ ఉద్యోగం ఊడేది. నురుగే సరుకు, అడుగున మిగిలిందే చెత్త” అనేవారు.

పుష్కరాలైన మరుసటి ఏడు సెలవుకి వచ్చి, పెరట్లో జారిపడ్డారు. తల రాతికి కొట్టుకుంది. రాజమండ్రి ఆస్పత్రిలో చేర్చాం. స్పృహ లేదు. లేస్తారో లేదో చెప్పలేమన్నారు డాక్టరుగారు. ఇంటికి తీసుకుపోదామన్నారు మా బావగారు. నేను కదలనన్నాను.

ఒక మధ్యాహ్నం ఆయన లుంగీ ఉతకడానికి ఆస్పత్రి వెనక కుళాయి దగ్గరికి వెళ్లాను. కొత్త లుంగీ, ఫ్యాక్టరీ మొహం చూడనిది. బకెట్లో సబ్బు నురుగు తెల్లగా లేచింది. చూస్తుండగానే బుడగలు నల్లబడ్డాయి. మసి నలుపు కాదు, మెరిసే నలుపు. ఆయన గోళ్ల సందుల్లో ఉండేది అదే. చేత్తో తీస్తే బరువుగా ఉంది.

భయం వేయలేదు. ఎందుకో కళ్లు మూతలు పడ్డాయి. గాలి ఆగిపోయి, ఆ బుడగలు చిట్లే చప్పుడొక్కటే మిగిలింది. ఎంతసేపున్నానో తెలియదు.

ఇంతలో వార్డు ఆయా వచ్చింది. “ఇక్కడ ఉతక్కూడదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా? నీ పుట్టింటి రేవనుకున్నావా?” అంటూ బకెట్‌ను కాలితో వంచేసింది. సగం తూములోకి పోయాక గబుక్కున పట్టుకున్నాను. సబ్బునీళ్ల కోసం ఇంత ఆరాటమేంటని నవ్వింది. ఆవిడకి తెల్ల నురుగే కనబడిందేమో.

ఆ బకెట్ పట్టుకునే వార్డులోకి వెళ్లాను. ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి. నర్సమ్మ పక్కనే ఉంది, ఆవిడా విన్నది. నాలుక తిరగక ముద్దముద్దగా అన్నారు.

“ఎవరే పారబోసింది? సగం పోయింది.”

కుడి చెయ్యి ఆడింది. ఎడమ పక్క ఆడలేదు. ఆయన పోయేదాకా మరి ఆడలేదు.

తలలో రక్తం గడ్డకట్టడం వల్లే అన్నారు డాక్టరుగారు. కాదనను. కానీ వార్డు కిటికీ వీధివైపుంది, అక్కడినుంచి కుళాయి కనబడదు. ఆయా నాకంటే ముందు లోపలికి రాలేదు. తర్వాత అడిగితే, అలా అన్నట్టే గుర్తులేదన్నారు ఆయన.

కాస్త ముందే పట్టుకుని ఉంటే రెండు చేతులూ ఆడేవా, ఆ సగమూ పట్టుకోకపోతే అసలు లేచేవారే కాదా? ఎవరిని అడగాలో కూడా నాకు తెలియదు.