ఆ పట్టా రంగు చెప్పను

తొమ్మిదో తరగతి మధ్యలో నరసరావుపేట హాస్టలు నుంచి వచ్చేశాను. పారిపోయి వచ్చిందన్నారు ఊళ్ళో. పారిపోవడమేమిటి, పట్టపగలు పెట్టె పట్టుకుని బస్సెక్కి వచ్చాను! మార్కులు తగ్గితే అందరి ముందూ నిలబెట్టి నవ్వులపాలు చేసే చోటికి చచ్చినా వెళ్ళనని గుమ్మంలోనే చెప్పాను. చదువు మానేశానని నాన్న రోజూ తిట్టేవాడు.

మా వీధిలో డిగ్రీ చదివిన అక్క ఒకామె, బడి మానేసిన పిల్లల్ని పోగేసి ఓపెన్ స్కూలు పదో తరగతికి పాఠాలు చెప్పేది. వాళ్ళ మిరపకాయల కల్లం పక్కనున్న రేకుల షెడ్డే బడి. అర్థం కాలేదంటే మళ్ళీ చెప్పేది, అంతే. నాకు లెక్కలు వచ్చని అక్కడే తెలిసింది. "ఇదన్నా పాసవ్వు. లేకపోతే మళ్ళీ హాస్టలే," అని నాన్న ఒప్పుకున్నాడు.

ఇంతలో పట్టా వచ్చి పడింది. కింద పరిచే టార్పాలిన్ పట్టా చిరిగిపోతే, చవగ్గా దొరికిందని అక్క కొత్తది కొని తెచ్చింది. దాని రంగు, మా నాన్నకి పడని పార్టీ జెండా రంగు. ఏ రంగో చెప్పను. చెబితే మీరూ నన్ను ఏదో ఒక పక్కకి నెట్టేస్తారు. మా ఊళ్ళో టీ కొట్లు కూడా పార్టీకొకటి మరి. సాయంత్రానికల్లా అది అవతలివాళ్ళ బడి అయిపోయింది.

"ఏమే, ఆ పట్టా మీద కూర్చుంటే మనోళ్ళలో నేను తలెక్కడ పెట్టుకోవాల? రేపట్నుంచి మానెయ్," అన్నాడు నాన్న.

"పట్టాకేం తెలుసు నాన్నా, పార్టీలు?"

"నోరు చానా లేచింది నీకు. హాస్టలుకి ఫోన్ చేస్తా ఉండు."

ఒళ్ళు మండిపోయింది నాకు. చదవలేదని తిట్టిన నోరే చదువుతుంటే వద్దంటుందా?

మర్నాడు వెళ్ళి, పట్టా అవతల ఉత్త నేల మీద కూర్చున్నాను. మా పార్టీవాళ్ళ పిల్లలు వచ్చి నా పక్కన చేరారు. కాసేపటికి అవతలివాళ్ళ పిల్ల ఒకతి లేచొచ్చి మా మధ్యలో చతికిలబడింది.

"మట్టి మీకేనా ఏంది? జరగండే!" అంది.

ఆ వెనకే మిగతావాళ్ళూ వచ్చేశారు. అక్క పట్టా చుట్టి మూలన పడేసింది.

అంతలో నాన్న రానే వచ్చాడు. "లెగు," అన్నాడు.

"పట్టా తీసేశాగా బాబాయ్," అంది అక్క.

"నువ్వుండమ్మా. ఊరందరిదీ ఒక దారి, ఈ ఉలిపికట్టెది ఒక దారి. లెగవే!"

పుస్తకం ఒళ్ళోకి లాక్కున్నాను. లేవలేదు.

"పరీక్ష రాసే లేస్తా నాన్నా. ఫోన్ చేసుకో. వాళ్ళు తీసుకెళ్తే మళ్ళీ వస్తా."

నాన్న అందరి మొహాలూ చూసి, విసురుగా వెళ్ళిపోయాడు. హాస్టలుకి ఫోన్ మాత్రం చేయలేదు.

పదో తరగతి పాసయ్యాను. ఆ రోజు లడ్లు పట్టుకుని ముందు నాన్న కూర్చునే టీ కొట్టుకి వెళ్ళాను. అక్కడ పంచి, నాన్న చూస్తుండగానే మిగతా లడ్లతో రోడ్డు దాటి అవతలి పార్టీవాళ్ళ కొట్టులోకి వెళ్ళాను.