యాభై నాలుగు అక్షరాలు

మా ఆవిడ పోయి నలభై రెండు రోజులైంది. అమలాపురంలో తెలిసినవాళ్లందరికీ ఆ రోజే తెలిసింది. ఆవిడ పాతికేళ్లు కంప్యూటర్ పాఠం చెప్పిన కాలేజీకి ఒకపూట సెలవిచ్చారు. ముమ్మిడివరం నుంచీ రాజోలు నుంచీ బంధువులు వచ్చి వెళ్లారు. ఒక్కచోట మాత్రం పోయినవారం దాకా నేను చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. ఎనిమిదేళ్లు ఆవిడ రోజూ వెళ్లిన చోటది. చివరి రోజుల్లో అక్కడివాళ్లు ఆవిణ్ణి దొంగ అన్నారు. వాళ్ల సంతాపం నాకెందుకు?

కాలేజీవాళ్లు తమ పత్రిక ఈ సంచికకి ఆవిడ గురించి నాలుగు మంచిమాటలు రాయమన్నారు. మంచిమాటలే రాస్తానని మాట ఇవ్వలేదు.

ఆ చోటు ఊళ్లో లేదు. ఇంటర్నెట్‌లో ఉంది. కోడ్ గోల్ఫ్ అంటారు. ఎవరో ఒక చిన్న సమస్య ఇస్తారు. దాన్ని చేసిపెట్టే ప్రోగ్రామును అందరికంటే తక్కువ అక్షరాల్లో రాసినవాళ్లు గెలిచినట్టు. చుక్క, కామా, ఖాళీ జాగా, అన్నీ లెక్కలోకే వస్తాయి. బహుమతి లేదు. పేరు పైవరసలో కనిపిస్తుంది, అంతే.

"గోల్ఫ్‌లో తక్కువ దెబ్బల్లో బంతిని గుంటలో వేసినవాళ్లే కదండీ గెలిచేది. ఇదీ అలాగే" అని మొదటిరోజు చెప్పింది. నేనెప్పుడూ గోల్ఫ్ చూడలేదు. ఆవిడా చూడలేదు.

నేను కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. నాలుగు మాటల సంగతిని నాలుగు పేజీలు చేసేచోట నా ఉద్యోగం. ఇంటికొస్తే ఈవిడ వసారాలో కూర్చుని, పాత ప్రశ్నపత్రాల వెనకవైపు పెన్సిల్‌తో ఏదో రాసుకుని ఒక్కొక్క అక్షరమే కొట్టేస్తూ ఉండేది. ముందు కాగితం మీదే. కాగితం మీద కుదిరాకే కంప్యూటర్ ముట్టుకునేది. ఓసారి చింతచిగురు రొయ్యలు మాడిపోయాయి. వాసన వీధిలోకి వచ్చింది.

"మాడింది" అన్నాను.

"రెండు అక్షరాలు తగ్గేయండి!" అంది.

"కూరలోనా?"

"కూరలో అయితే అన్నీ పోయినట్టున్నాయి. పెరుగుంది, కూర్చోండి."

దేన్ని చూసినా ఆవిడ అడిగేది ఒకటే: "ఇది తీసేస్తే నడవదా?" పెళ్లి శుభలేఖ చూసినా అదే మాట, మందుల చీటీ చూసినా అదే మాట. నా రిటైర్మెంట్ రోజున చదవడానికి రెండు పేజీలు రాసుకున్నాను. పొద్దున్న చూసేసరికి ఆరు లైన్లున్నాయి. అవే చదివాను. బాగా చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి గర్వంగా చెబితే, "భోజనాలు తొందరగా పెడతారని కొట్టేరు లెండి" అంది.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ తీసేది కాదు. ఆ ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంకొకరి కిటుకు వాడుకుంటే, ప్రోగ్రాం కింద ఒక లైనులో వాళ్ల పేరు రాసి కృతజ్ఞత చెప్పాలి. కాలేజీలో పిల్లలకీ అదే నియమం పెట్టింది. పక్కవాణ్ణి అడిగి చేస్తే మార్కులు తగ్గవు. అడిగినట్టు రాయకపోతే సున్నా. "కుదించడం వేరు, దాచడం వేరు" అనేది. ఈ సంచిక చదివేవాళ్లలో ఆవిడ దగ్గర సున్నా తెచ్చుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

అక్కడ గుడ్లగూబ బొమ్మ పెట్టుకున్నవాడు ఒకడున్నాడు. ఏ దేశమో తెలియదు. ఐదేళ్లుగా ఈవిడకీ వాడికీ పోటీ. నాకు వాడు ఇంట్లో మనిషంత తెలుసు.

"ఏమంటున్నాడు మీ గుడ్లగూబ?"

"నా ప్రోగ్రాం లావుగా ఉందంటున్నాడండి."

"నువ్వేమన్నావు?"

"నీదానికంటే మూడక్షరాలు సన్నమే నాయనా అన్నాను."

ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

కిందటేడు జబ్బు బయటపడింది. పదిహేను రోజులకోసారి కాకినాడ తీసుకెళ్లేవాణ్ణి. పొద్దున్నే బయల్దేరి, అక్కడ మధ్యాహ్నం దాకా కుర్చీలో కూర్చోబెట్టి మందు ఎక్కించేవారు. అలాంటి ఒక రోజున ఆ సైటులో ఒక సమస్య వచ్చింది. ఒక అంకె ఇస్తే చుక్కల ముగ్గు పడాలి. ఒక చుక్కతో మొదలై అంకె దాకా పెరిగి, మళ్లీ ఒకటికి తగ్గాలి. ఆవిడకి పేపరు చదివినంత తేలిక. కారులో కొంత, ఆసుపత్రి బెంచీ మీద కొంత రాసింది. ఇంతలో పిలిచారు. కుడిచేతికి సూది పెట్టేశారు.

"ఏవండీ, మీరు కొట్టండి. నేను చెప్తాను" అని నా చేతికి ఫోనిచ్చింది. కాగితం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే చెప్పింది.

"బ్రాకెట్టు. అది కాదండీ, గుండ్రంది. ఇప్పుడు చుక్క. ఒక జాగా వదలండి. ఒక్కటే!"

నర్సు వింటూ నిలబడిపోయింది. "ఏంటి మేడం, ఓటీపీయా అండీ?"

"ఆయ్. కొంచెం పొడుగు ఓటీపీ."

యాభై నాలుగు అక్షరాలు. అప్పటిదాకా పైన ఉన్నది అరవై ఒకటి. పంపించాను. తలెత్తి చూసేసరికి ఆవిడ కళ్లు మూసుకుని నవ్వుతోంది. ఆ ఏడాది మొత్తంలో నాకు మిగిలిన మంచిరోజు అదొక్కటే.

రెండు రోజులకి గుడ్లగూబ రాశాడు. "ఈ కిటుకు నాది. నా పేరు రాయలేదు. ఎనిమిదేళ్లుగా ఈవిడ ఇలా ఇంకెన్ని తీసుకుందో వెతకండి." వాడి వెనక మరో పదిమంది చేరారు. ఒకడు ఆవిడ పాత జవాబులన్నీ తవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కడూ ఆవిణ్ణి ఏం జరిగిందని అడగలేదు. నిర్వాహకులు ఆవిడ జవాబు తీసేసి, ఆ పేజీలో ఇక ఎవరూ మార్చడానికి వీల్లేకుండా మూసేసి, పైన ఎర్రరంగులో ఒక మాట రాశారు. దొంగిలించినది.

ఆవిడ చదివి ఫోను బోర్లించింది.

"ఏమంటున్నారు?"

"ఏం లేదండి. ఆటలో గొడవలు మామూలే."

ఆవిడ నిద్రపోతున్నప్పుడు నేను చదివాను. లేచాక, నేను రాస్తానన్నాను.

"వద్దు. మీరు రాస్తే పిటిషన్ అవుతుంది" అంది. అటు తిరిగి పడుకుని, "వదిలెయ్యండి" అంది.

మూడు వారాలకి పోయింది.

పెద్దకర్మ రోజున మా పిన్ని వసారాలో అందరి ముందూ, "ఎప్పుడూ ఆ ఫోనే. ఆ ఫోనే తినేసిందిరా దాన్ని" అంది.

"తినేసింది క్యాన్సర్ పిన్నీ. నువ్వు ఇడ్లీ తిను" అన్నాను. అప్పటినుంచి పిన్ని నాతో మాట్లాడటం లేదు. నాకూ హాయిగా ఉంది.

పోయినవారం కూర్చుని ఆ సైటువాళ్లకి జవాబు రాశాను. ఐదు పేజీలు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి పేరాలు. వాళ్లు దొంగ అన్న మనిషి ఎలాంటిదో, సూది గుచ్చిన చేతి పక్కన కాగితం పెట్టుకుని ఎలా చెప్పిందో, అన్నీ. చదివితే ఒక్కొక్కడూ తలదించుకోవాలి. ఆధారంగా ఆవిడ పెన్సిల్‌తో రాసిన కాగితం ఫొటో జతచేద్దామనుకున్నాను. ఆసుపత్రి రిపోర్టుల ఫైలులో దొరికింది.

కొట్టివేతలు చాలా ఉన్నాయి. వాటి కింద శుభ్రంగా యాభై నాలుగు అక్షరాలు. దాని కింద ఒక గీత. గీత కింద ఇంకో లైను. "పెరగడం, తగ్గడం విడివిడిగా రాయకుండా, నడిమి వరస నుంచి ఎంత దూరమో చూస్తే చాలన్న కిటుకు ఫలానావారిది. వారికి కృతజ్ఞతలు." ఫలానా అన్నచోట ఉన్నది గుడ్లగూబ పేరు. పేరు కింద రెండు గీతలు.

ఆ లైను కూడా ఆవిడ నాకు చదివి చెప్పింది. పేరు రాయలేదన్న నింద చదివినప్పుడు కూడా తట్టనిది, అప్పుడు గుర్తొచ్చింది. "చివరి లైను కూడా కొట్టేరా?" అని అడిగింది. "ఆఁ" అన్నాను.

కొట్టలేదు. అక్షరం అక్షరం లెక్క కదా, ఆ లైను కూడా కలిస్తే నూరు దాటిపోతుంది, మొదటి స్థానం పోతుంది అనుకున్నాను. జబ్బు మనిషి, మొహమాటం కొద్దీ రాయమంటోంది అనుకున్నాను. ఆవిడ మేలు కోసమే తీసేశాను. కృతజ్ఞత లైనుని లెక్కలో కలపరు. ఆ ఆటలో మొదటిరోజు వచ్చినవాడికి కూడా తెలిసే సంగతి అది. ఎనిమిదేళ్లు పక్కన కూర్చుని నేను తెలుసుకోలేదు.

ఫోనులో ఆవిడ ఉత్తరాలు తెరిచాను. ఎర్రమాట పడిన రోజునే గుడ్లగూబకి విడిగా రాసింది. "తప్పు నాదే. మందుల మగతలో మీ పేరు వదిలేశాను. దిద్దుదామంటే పేజీ మూసేశారు. మన్నించండి." వాడు జవాబిచ్చాడు. "దొరికిపోయినవాళ్లందరూ ఇలాగే చెబుతారు." ఆ తర్వాత ఆవిడేమీ రాయలేదు.

ఎవరు వదిలేశారో ఆవిడకి తెలుసు. తన కంటితో కాగితం చూసుకుని, పంపినది చూసుకుని ఉంటుంది. ఆ మూడు వారాల్లో నన్ను కొబ్బరినీళ్లు అడిగింది. కాళ్లు పట్టమంది. ఫ్యాను తగ్గించమని విసుక్కుంది. ఈ సంగతి మాత్రం అనలేదు.

ఐదు పేజీలూ చెరిపేశాను. ఫిర్యాదులు రాసుకునే పేజీలో ఇలా రాశాను: "జవాబు ఆవిడది. టైపు చేసింది నేను. కిటుకు ఎవరిదో వారి పేరు రాయమంది. నేను తీసేశాను. తెలిసి కూడా ఆవిడ నా పేరు చెప్పలేదు. కాగితం ఫొటో పెడుతున్నాను. ఆవిడ పోయి నెల దాటింది." పంపేముందు ఇంకోటి కలిపాను: "మీరు ఒక్కమాట అడిగి ఉండవలసింది."

ఆ ఆఖరి వాక్యం తీసేస్తే నడుస్తుంది. తెలుసు. ఉంచాను.

మర్నాడు పొద్దున్న చూస్తే ఎర్రమాట లేదు. జవాబు తిరిగి పెట్టారు. కింద ఆ లైను కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు అయ్యో అని రాశారు. గుడ్లగూబ ఏమీ రాయలేదు. రాయకపోవడమే మంచిది. వాణ్ణి మన్నించే పని నాది కాదు. నన్ను మన్నించవలసిన మనిషి లేదు. దీనికి ఎవరూ నన్ను ఓదార్చనక్కర్లేదు.

పైవరసలో ఆవిడ పేరుంది. పేరు పక్కన చిన్న పచ్చచుక్క వెలుగుతోంది. ఏమిటా అని చూశాను. ఆ మనిషి ఇప్పుడు ఇక్కడే ఉన్నారని దాని అర్థం. నేను ఆవిడ ఫోనులోంచి చూస్తున్నాను కదా, అందుకు. పేజీ మూస్తే ఆరిపోతుంది.

పాలవాడు వచ్చి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఫోనులో చార్జి పదికి పడిపోయింది. లేచి చార్జరు తగిలించి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.