వదిన ఎంచుకున్న లోతు

నిన్న సాయంత్రం వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే లోపల ఏదో లోహం టకటకమని కొట్టుకుంది. నాణెమో, హెయిర్ క్లిప్పో అనుకుని మెషీన్ ఆపాను. తడిబట్టల్లోంచి మా అమ్మాయి స్కూలు స్కర్టు తీసి దులిపితే జేబులోంచి జారి అరచేతిలో పడింది. నా చూపుడువేలంత ఇత్తడి గొట్టం, దానికి రాగిరంగు మొన. రైఫిల్ తూటా! ఆరేళ్ళ పిల్ల దాన్ని జేబులో వేసుకుని కారెక్కింది, సోఫా మీద గెంతింది, తమ్ముడితో కుస్తీ పట్టింది. పక్కగదిలో ఇద్దరూ ఇంకా నవ్వుకుంటూనే ఉన్నారు. అదెక్కడినుంచి వచ్చిందో ఆలోచించనక్కర్లేకపోయింది. సిడ్నీలో ఇలాంటివి తన చేత్తో తయారుచేసుకునే తెలుగావిడ నాకు తెలిసి ఒక్కరే. ఆవిడ మా ఆయన అక్క. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పటినుంచి పిల్లల్ని స్కూలునుంచి తీసుకెళ్ళి సాయంత్రం దాకా చూసుకుంటున్నది కూడా ఆవిడే.

వదిన వెస్ట్‌మీడ్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పనిచేస్తారు. తెల్లవారుజాము షిఫ్టు, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు. వారమంతా అందరిలాగే హారిస్ పార్క్‌లో కరివేపాకు, గోంగూర కొంటూ కనిపించే మనిషి శనివారం వచ్చిందంటే రైఫిల్ పెట్టె కారు డిక్కీలో పెట్టుకుని కొండల అవతలి షూటింగ్ క్లబ్బుకి వెళ్ళిపోతారు. గురి చూసి కాగితం మీద కొట్టడమే, ప్రాణమున్న దేన్నీ ఎన్నడూ కొట్టలేదు. ఒక పుట్టినరోజు భోజనాల్లో ఒక ఆంటీ, “ఎందుకమ్మా నీకీ తుపాకుల గోల, హాయిగా వీణ నేర్చుకోకూడదూ?” అంది. “వీణకి లైసెన్సు అక్కర్లేదుగా ఆంటీ, ఎవరైనా వాయించేస్తారు,” అని వదిన గారెలు వడ్డించుకుంటూ వెళ్ళిపోయారు. ఆంటీ ఆ తర్వాత నన్ను చాటుగా అడిగింది, వీణకి నిజంగానే లైసెన్సు అక్కర్లేదా అని.

పెళ్ళైన కొత్తలో వదిన గ్యారేజీలోకి తొలిసారి వెళ్ళినప్పుడు నాకు గుర్తున్నది వాసన. మెషీన్ నూనె, ఇత్తడి తోమిన పొడి, పక్కనే చల్లారిపోయిన అల్లం టీ. గోడకి బోల్టులు వేసిన ఇనప బీరువా, బల్లకి బిగించిన చిన్న ప్రెస్సు. ఇత్తడి గుల్లలో తుపాకి మందు తూచి పోసి, మూతిలో బుల్లెట్ నిలబెట్టి, ప్రెస్సు పిడి మెత్తగా కిందికి లాగుతారు. బుల్లెట్ గుల్లలోకి దిగుతుంది. ఎంత దిగాలి అన్నదే ఆవిడకి నెలల తరబడి పట్టిన పని. బుల్లెట్ మొనకీ, బ్యారెల్ లోపల అది తిరగడానికి చెక్కిన గాడులకీ మధ్య వెంట్రుక మందం ఖాళీ ఉంటుందట. ఆ ఖాళీ ఏ మాత్రం మారినా దూరాన కాగితం మీద రంధ్రాలు చెదిరిపోతాయట. అందుకని కొన్ని తూటాలు పైపైన, కొన్ని ఇంకాస్త లోతుగా, ఇంకొన్ని ఇంకాస్త లోతుగా, అలా జట్లు జట్లుగా చేసుకుని క్లబ్బులో కాల్చే రేంజికి వెళ్ళి కాల్చి చూస్తారు. దోసె పెనం వేడి సరిచూసుకోవడానికి నీళ్ళు చిలకరించినట్టే అనుకున్నాను గానీ, నేనైతే రెండో దోసెకే విసుగొచ్చి మానేస్తాను.

పోయిన చలికాలం ఒక శనివారం నన్నూ తీసుకెళ్ళారు. చెవులకి చప్పుడు ఆపే మఫ్లు పెట్టుకుని వెనక కూర్చున్నాను. కాల్పులయ్యాక కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచారు. ఒక దాంట్లో అయిదు రంధ్రాలూ కలిసిపోయి ఒకటే చిరుగులా ఉంది.

“ఇదే వదినా! ఇంకేం వెతుకుతారు?” అన్నాను.

“ఇది కాదమ్మా,” అన్నారు. “దీంట్లో బుల్లెట్ మరీ పైకుంది, మొన బ్యారెల్ గాడులకి తగిలేస్తోంది. కాల్పులు ఆపండని మధ్యలో అరిచారనుకో, కాల్చని తూటా బయటికి తియ్యాలి. గుల్ల వచ్చేసి బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కుంటుంది. మందంతా రైఫిల్లో ఒలికిపోద్ది. మా క్లబ్బులో ఒకాయనకి అదే అయింది.”

ఆ తర్వాత కాస్త వెడల్పుగా పడిన ఇంకో కాగితం మీద వేలు పెట్టారు. “ఇది చూడు. దీనికంటే బుల్లెట్ కాస్త పైకున్న జట్టూ బాగానే పడింది, కాస్త లోతుకున్న జట్టూ బాగానే పడింది. ప్రెస్సు మీద నా చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా కొంప మునగదు. నాకిది చాలు.”

అంత అందమైన కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో పడేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంది.

నిన్న తూటా చేత్తో పట్టుకునే ఫోన్ చేశాను. ఏం దొరికిందో గబగబా చెప్పేశాను. వదిన కంగారుపడలేదు. “పక్కన చిన్న బెజ్జం ఉందా, చూడు,” అన్నారు. ఉంది. “అడుగున మధ్యలో గుంట ఖాళీగా ఉందా?” ఖాళీగానే ఉంది. “అది కొలత తూటా. లోతు చూసుకోవడానికి చేసుకున్నది. మందు లేదు, పేలదు. అయినా వస్తున్నా.”

వదిన వచ్చేసరికి మా ఆయన కూడా ఆఫీసునుంచి వచ్చారు. సంగతి విని తేలిగ్గా నవ్వేశారు. “పేలదుగా అక్కా, దీనికింత సీనా?”

వదిన చెప్పులు కూడా విప్పలేదు. “పేలదని నాకు తెలుసురా. నీ కూతురికి తెలుసా? ఉత్తదే కదా అని కిచెన్ కిటికీలో వెలుతురుకి పెట్టి కొలుచుకున్నా, అక్కడే వదిలేశా. రేపు ఉత్తది కానిది దొరికినా ఇలాగే జేబులో వేసుకుంటుంది.” నా వైపు తిరిగారు. “కొలత తూటాలు కూడా బీరువాలో పెట్టి తాళం వేసొచ్చా. ఇకనుంచి పిల్లలున్న పూట గ్యారేజీ తెరవను. కానీ పంపాలా వద్దా నువ్వు తేల్చుకో. వద్దంటే నేను అలగను, నీ ఉద్యోగం పోకుండా ఇంకో దారి చూద్దాం.”

“మీరైతే పంపుతారా వదినా?” అని అడిగాను.

“నేనైతే ఇవాళ రాత్రి నిద్రపోను. పొద్దున చెప్తా,” అన్నారు.

నేనూ నిద్రపోలేదు. ఏం కాదులే అని ఆవిడ ఒక్క మాట అని ఉంటే పిల్లల్ని ఇక ఆ గడప తొక్కనిచ్చేదాన్ని కాదేమో. నాకు ధైర్యం చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, నా భయాన్ని నాకంటే ముందు లెక్కలోకి తీసుకున్న మనిషి ఈవిడే. పిల్లలు చిన్నగా ఉండే రోజులు తొందరగా గడిచిపోతాయని అందరూ అంటారు. ఒక్కో రాత్రి మాత్రం ఎంతకీ గడవదు.

ఈ ఉదయం వదిన జవాబు కోసం ఆగకుండానే, పిల్లల ముందు పాలూ కార్న్‌ఫ్లేక్సూ పెట్టి చెప్పాను: “ఈ సాయంత్రం కూడా అత్తే వస్తుంది. అత్త ఇంట్లో తెలియనిది ఏది కనపడినా ముట్టుకోకుండా పిలవాలి. పిలిస్తే ఎవరూ తిట్టరు.”

“ఈవెన్ ఇఫ్ ఇట్స్ జస్ట్ షైనీ?” అంది పెద్దది.

“మెరిసేదైతే ఇంకా గట్టిగా పిలవాలి.”