వెనక బెల్టు పట్టుకునే మనిషి

క్యాంపస్ హాస్టళ్లలో కరెంటు పనులు చేసే సంజీవ్ నాలుగేళ్ల కిందట దీపస్తంభం మీది నుంచి పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. అప్పటి నుంచి తార్నాకలోని రెండు గదుల ఇల్లు, చక్రాల కుర్చీ, హాస్టల్ మెస్సులో వంటచేసే భార్య కృపారాణి. అంతే అతని లోకం.

ఈ జూన్‌లో యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న సుధామయి నడవలేనివాళ్లను నడిపించే యంత్రం ఒకటి తెచ్చింది. కాళ్లకు కట్టుకునే చట్రం, తుంటికీ మోకాళ్లకూ మోటార్లు, వీపున బ్యాటరీ, ఆనుకోవడానికి రెండు చేతికర్రలు.

"మూడు నెలలు ఇంట్లోనే వాడి చూడండి, రోజూ గంటసేపు. కానీ వెనక ఒకరు నడుం బెల్టు పట్టుకుని ఉండాల్సిందేనండి," అంది.

ఆ ఒకరు కృపారాణే. తెల్లవారకముందే మెస్సుకు వెళ్లి మూడింటికి తిరిగొచ్చేది. మొహం కడుక్కుని యంత్రం ముందు కూర్చునేది. పట్టీలు బిగించడానికే అరగంట. విప్పాక చర్మం ఎక్కడైనా కమిలిందేమో వెతకాలి; అతనికి నొప్పి తెలియదు కదా.

మొదటిరోజు అతను లేచి నిలబడితే మౌలాలి నుంచి అతని అత్తగారు వచ్చి చూసి ఏడ్చింది. చర్చిలో ప్రార్థన చేయించారు. రెండో నెలకు చూడటానికి ఎవరూ రాలేదు. గోడ నుంచి గోడకు ఏడడుగులు. తిరగడానికే ఆయాసం. చేతికర్రల మీద ఆని ఆని భుజాలు పీకేవి. కింద గచ్చు చల్లగా ఉందో లేదో పాదాలకు తెలిసేది కాదు. అయినా వద్దనడానికి నోరు రాలేదు. అందరూ అంత సంతోషపడ్డారు మరి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, నాలుగో అడుగు దగ్గర అతని వీపుకు కృపారాణి నుదురు తగిలింది. ఏడుస్తోందేమో అనుకున్నాడు. తర్వాత ఊపిరి వినిపించింది. నిలబడే నిద్రపోయింది.

అడుగు వేస్తే ఆమె పడిపోతుంది. కర్రల మీద బరువంతా వేసి అలాగే నిలబడ్డాడు. భుజాలు మండాయి. రెండు నిమిషాలు గడిచాయో మూడో, కదలిక లేదని యంత్రమే కూతపెట్టింది. ఆమె ఉలిక్కిపడింది.

"ఏందయ్యా, ఆగినవ్?"

"నీకు నిద్రవట్టింది."

"పడ్డవంటే ఏమయ్యేది? నడువు, ఇంక ఇరవై నిమిషాలున్నది," అని బెల్టు గట్టిగా పట్టుకుంది.

"చాలు. కూసుంట," అన్నాడు.

తర్వాతి వారం సుధామయి వస్తే చెప్పేశాడు. "రోజూ అంటే మాతోని కాదు మేడం. వారానికి రెండు రోజులు చేస్తా."

"నడక ఇబ్బందిగా ఉందా?"

"నడక మంచిగనే ఉన్నది. ఎనక మనిషి నిలవడాలె గదా. ఆమె పొద్దుగాల నాలుగింటికి లేస్తది."

సుధామయి తన కాగితాలు తిరగేసింది. వెనక నిలబడే మనిషి గురించి అందులో ఏ ప్రశ్నా లేదు. ఆ మాట ఖాళీ జాగాలో రాసుకుంది.

ఆమె వెళ్లాక కృపారాణికి కోపం వచ్చింది. "నేను ఏమన్న అన్ననా?"

"నువ్వు అనవు. అందుకే నేనన్న."

ఇప్పుడు బుధ, ఆదివారాల్లోనే యంత్రం. మిగతా రోజుల్లో మూడింటికి అతను కుర్చీ తోసుకుంటూ క్యాంపస్ రోడ్డు మీదికి పోతాడు. మొదట్లో కృపారాణికి ఆ వేళ పడుకోవడం చేతకాలేదు. లేచి బియ్యం ఏరేది. ఈమధ్య తలుపు దగ్గరేసుకుని నిద్రపోతోంది. అతను మాత్రం ఎత్తు ఎక్కేచోట రెండుసార్లు ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ చక్రాల మీద చేతులు వేస్తాడు.