ఇంజనులో శుభలేఖ

మా బండి నా పెళ్లికన్నా రెండేళ్లు పెద్దది. కిందటేడు దాని ఇంజను పక్క మూత దగ్గర ఆయిలు కారడం మొదలైంది. పొద్దున్నే వేసిన ముగ్గు మీద నల్లటి మరక కనిపిస్తే మా ఆవిడ ఊరుకుంటుందా?

మండపేటలో మా మెకానిక్ గారు మూత విప్పి, ఆయిలు కారకుండా మూత కింద ఉండే అట్ట ప్యాకింగ్ చిరిగిందనీ, ఈ మోడల్‌ది ఇప్పుడు దొరకదనీ తేల్చేశారు.

"ఇంట్లో దళసరి శుభలేఖ ఏదన్నా ఉంటే పట్రండి, కోసేద్దాం," అన్నారు.

బీరువాలో చేతికందినది తీసుకెళ్లాను. ఆయన ముందు వినాయకుడి బొమ్మను జాగ్రత్తగా కత్తిరించి నా చేతిలో పెట్టారు. దేవుణ్ణి ఆయిల్లో ముంచకూడదట. మిగతా అట్టను మూత మీద పరిచి, అంచు వెంట సుత్తితో మెల్లగా కొడితే ఆకారం తెగి వచ్చింది. మధ్యలోంచి ఊడిపడిన ముక్క మీద మా ఇద్దరి పేర్లున్నాయి! మా పెళ్లిది ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క శుభలేఖ అది.

మా ఆవిడ రెండు రోజులు కాఫీ ఇవ్వలేదు. మూడో రోజు ముగ్గు తెల్లగానే ఉండటం చూసి కాఫీ ఇచ్చింది.

మొన్న ఈ బండి అమ్మేద్దామన్నాను.

"అందులో మన శుభలేఖ ఉందండి. ఎవరికో ఎలా ఇచ్చేస్తారు?" అంది.