అందరికీ తొమ్మిది వందల ఎనభై

నిన్న పొద్దున మనవరాలు ఫిజిక్స్ రికార్డు ముందేసుకొని, కాలేజీలో తాను కొలిచి పెన్సిలుతో రాసుకున్న అంకెలను రబ్బరుతో చెరిపి, స్నేహితురాలు ఫోనులో పంపిన అంకెలు ఎక్కిస్తుంటే, కోపం ఆపుకోలేక అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. రాసిన కాగితం పారేసే అలవాటు నాకు లేదు. నా హెచ్‌ఎస్‌సి రికార్డూ, ఎవరికీ చూపని చిత్తుపుస్తకమూ అందులోనే ఉన్నాయి.

అరవయ్యో దశకంలో, బోధన్ దగ్గరి మా హైస్కూల్లో, ప్రయోగమంటే మంచి దస్తూరి అనే అర్థం. సామానంతా అద్దాల బీరువాలో తాళం వెనుక ఉండేది. పాసై వెళ్లినవారి రికార్డు ఒకటి ఏటేటా చేతులు మారేది. దాన్ని దించుకొని, మిగిలిన సమయంలో మావాళ్లు గేటు ముందు పోయే చెరుకు బండ్ల వెంటపడి గడలు గుంజుకునేవారు. లోలకం ప్రయోగంలో భూమి ఆకర్షణకు అందరూ పాఠ్యపుస్తకంలోని విలువ, సెంటీమీటర్ల లెక్కన తొమ్మిది వందల ఎనభై, ముందే రాసి, దానికి సరిపడే కొలతలను వెనక నుంచి లెక్కగట్టుకునేవారు.

మా పరీక్ష ఏడు నేనూ, గాజుల దుకాణం వారింటి నా బెంచీ మిత్రుడూ మాత్రం పంతం పట్టి, తాళంచెవి అడిగి, సీసపు గుండును దారానికి వేలాడదీసి, అది ఊగే కాలాన్ని నిజంగానే కొలిచాం. మీటరు దారానికి తొమ్మిది వందల డెబ్బై వచ్చింది. దారం సగం చేస్తే తొమ్మిది వందల అరవై ఒకటి, పావు చేస్తే తొమ్మిది వందల నలభై రెండు. మూడు రోజులు చేసినా అంతే.

సైన్సు సారు ఆ పుటను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి, “ఏందిరా, భూమి మీ ఇద్దరికే తక్కువ గుంజుతదా? రేపటికల్లా దిద్దుండ్రి, లేకుంటే సంతకం లేదు” అన్నారు. సంతకం లేకుంటే హాల్‌టికెట్టు రాదు. మా ఇంట్లో ఆ పరీక్ష దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. మిత్రుడు “రాసెయ్ యార్, భూమొచ్చి అడుగుతదా?” అని నవ్వుతూ అప్పుడే దిద్దేశాడు. నేను మర్నాడు గంట కొట్టేదాకా కలం పట్టుకొని కూర్చున్నాను. వరండాలో సారు చెప్పుల చప్పుడు వినబడింది. కొత్త పుట అంటించి తొమ్మిది వందల ఎనభై రాశాను. సంతకం పడింది.

నిన్న మనవరాలికి నీతి చెబుదామని ఆ చిత్తుపుస్తకం తెరిచానా, నేను నోరు విప్పకముందే ఆమె అంకెల మీద వేలు పెట్టి, “తాతా, దారం పొట్టిగైన కొద్దీ విలువ పడిపోతున్నది చూడు. గుండు నడుమదాకా కొలవలేదా మీరు?” అంది.

కొలవలేదు. దారం కొలిచి, గుండులోని ఆ ఒక్క సెంటీమీటరు వదిలేశాం. దారం పొట్టిదైన కొద్దీ ఆ సెంటీమీటరే పెద్ద తప్పయింది. తప్పు ఎక్కడుందో ఆ మూడు అంకెలే చెబుతుండగా, సారు వాటిని కొట్టేశారు, నేను పెట్టెలో దాచేశాను. పుట దిద్దకుండా ఇంకొక్క పూట చూసి ఉంటే ఆనాడే తెలిసేది. ఇప్పుడు మనవరాలి కాలేజీలో బీరువాలకు తాళాలు లేవట, ప్రతి బల్ల మీదా సామాను ఉంటుందట. సామాను చేతికి అందితే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునే రోజులు మావి. మనవరాలు మాత్రం తన పుటను కిటికీ వెలుతురుకు ఎత్తి, రబ్బరు కింద పోయిన తన అంకెల గుర్తులను వెతుక్కోసాగింది.