పైడికి జాగా లేదని చెప్పిన రోజు

మా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో... భిలాయిలో మా నాలుగో తరగతి గది. సోషల్ మేడమ్ నేల మీద ఒక హిందీ పేపరు పరిచి, ఇద్దరు పిల్లల్ని దాని మీద నిలబడమన్నారు. హాయిగా నిలబడ్డారు. తర్వాత నలుగురు... ఆ తర్వాత ఎనిమిది మంది. ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ, చివరికి ఒక అబ్బాయి జారి పడ్డాడు. క్లాసంతా నవ్వు.

"దేఖో బచ్చో... జమీన్ ఉత్నీ హీ హై, లోగ్ బఢ్‌తే జా రహే హై" అన్నారు మేడమ్. నేల అంతే ఉంటుంది, జనమే పెరుగుతూ పోతారు... జనాభా పెరగడమంటే ఏమిటో మాకు అంత సులువుగా చెప్పారు. మంచి మేడమ్. ఆవిడ తప్పేమీ లేదు.

తర్వాత, ఇంట్లో ముగ్గురికంటే ఎక్కువ పిల్లలున్నవాళ్ళు చేతులెత్తమన్నారు.

నేను ఎత్తలేదు.

మేము ఐదుగురం. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో చేరారు. సెక్టర్ 7లో రెండు గదుల క్వార్టర్ మాది. నేను పెద్దదాన్ని. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు, ఒక చెల్లి, ఆఖరున పైడి. విజయనగరం అమ్మవారు పైడితల్లమ్మ పేరు. అప్పటికి దానికి ఐదో ఏడు. నేను కలిపి ముద్దలు పెడితేనే అన్నం తినేది... నేను బడి నుంచి వచ్చేదాకా గేటు చువ్వలు పట్టుకుని నిలబడేది.

ఆ సాయంత్రం నేనే మేడమ్‌నయ్యాను. వాకిట్లో నాన్న తువ్వాలు మడతపెట్టి పరిచి, చేతిలో పుల్ల పట్టుకుని, ఒక్కొక్కళ్ళనే దాని మీదకు రమ్మన్నాను. తమ్ముళ్ళు ఎక్కారు, పెద్ద చెల్లి ఎక్కింది. పైడి ఒంటికాలి మీద కాసేపు ఆగి, పక్కకు ఒరిగిపోయింది.

"సూసేవా? నీకు జాగా లేదు. నువ్వు ఎక్కువైపోయేవు" అన్నాను.

అది నవ్వలేదు. "మరి నానెక్కడికెల్లాలక్కా?" అంది.

"జనం తక్కువున్న కాడికి."

క్లాసులో చెయ్యి ఎత్తలేకపోయిన సిగ్గు... అదంతా దాని మీద తీర్చుకున్నానని అప్పుడు నాకు తెలియదు.

ఆ వేసవిలో మా పిన్ని విజయనగరం నుంచి వచ్చింది. అమ్మకు సొంత చెల్లెలు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. వచ్చిన మర్నాడు మా ఆడపిల్లలకు జడలు వేస్తుంటే, పైడి ఆమె ముందు కూర్చుని అడిగింది.

"పిన్నీ, మీ ఇంట్లో ఎంతమందున్నారు?"

"ఇద్దరమేనమ్మా. నానూ, మీ బాబయ్యా."

పైడి వేళ్ళు చూసుకుంది. "అయితే నానొస్తాను."

అందరూ నవ్వారు. పిన్ని మాత్రం దువ్వెన పక్కన పెట్టి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది... ఆ పట్టు ఇక వదల్లేదు. పెంచుకుంటానని నాన్నను అడిగింది. నాన్న కాదనలేదు.

అమ్మ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతూ నన్ను పక్కకు పిలిచింది.

"ఒలే... అది నీకాడ అన్నీ సెప్తాది కదా. నిజంగా ఎల్తానంటందేటి? లేపోతే ఎవులైనా ఏటైనా అన్నారేటి?"

అప్పుడు చెప్పాల్సింది. తువ్వాలు సంగతి ఒక్క మాట చెప్తే చాలు, ప్రయాణం ఆగిపోయేది. దెబ్బలు పడతాయని భయం...

"ఎల్తానంటందమ్మా" అన్నాను.

అమ్మ నా మొహం చూసింది. మళ్ళీ చేటలోకి తల వంచుకుంది.

దుర్గ్ స్టేషన్‌కి నాన్నతో నేనూ వెళ్ళాను. అమ్మ రాలేదు. పైడి కొత్త గౌను వేసుకుని రైల్లో పిన్ని పక్కన, కిటికీ దగ్గర కూర్చుంది. ఏడవలేదు. రైలు కదలబోతుంటే చువ్వల్లోంచి చెయ్యి చాపి నన్ను పిలిచి, మెల్లగా అడిగింది.

"ఇప్పుడు సరిపోతాదా అక్కా?"

నేను తల ఊపాను. అంతే... రైలు వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక అన్నం కలిపితే ముద్ద అందుకోవడానికి ఎవరూ లేరు. అమ్మ చాలా రోజులు పిల్లలకు ఐదు కంచాలే కడిగి పెట్టేది. తర్వాత తర్వాత పైడి వేసవికి చుట్టంలా వచ్చేది. పిన్ని దాన్ని ప్రాణంగా పెంచింది, బాగా చదివించింది. దాని బతుకుకు ఏ లోటూ రాలేదు. కానీ మా ఇంట్లో మంచినీళ్ళు కూడా అడిగి తాగేది...

అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆమెకు ఆ నిజం చెప్పకుండానే సాగనంపాను. మొన్న ఆదివారం ధైర్యం చేసి పైడికి ఫోన్‌లో అంతా చెప్పాను. తువ్వాలు, పుల్ల, అమ్మ అడిగిన మాట, నేను ఆడిన అబద్ధం.



"అయితే అమ్మ అడిగిందా అక్కా?" అంది. "తువ్వాలు సంగతి నాకేం గురుతు లేదు గానీ... నన్ను ఉండమని ఎవులూ అన్లేదేమో అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

నేను ఏడ్చాను. అది ఏడవలేదు. "సర్లే, అన్నం తిన్నావా?" అని అడిగింది.

ఇప్పుడు మా తమ్ముళ్ళకూ, అక్కచెల్లెళ్ళకూ పిల్లలు ఇంటికి ఒక్కరే, మహా అయితే ఇద్దరు. ఎవరి గది వాళ్ళది, ఎవరి మంచం వాళ్ళది. జాగా బోలెడుంది... పోట్లాడుకోవడానికి తోడు లేదు.

చిన్నప్పుడు ఇంట్లో ఆఖరివాళ్ళతో మీరేమన్నారో గుర్తుందా? వాళ్ళు దాన్ని నిజమని నమ్మి ఉంటారేమో... ఒకసారి ఆలోచించండి. చెప్పుకోవాలనిపిస్తే ఇక్కడ రాయండి. కానీ ముందు వాళ్ళకు చెప్పండి... అమ్మ ఉండగానే.